మన పెట్టె తాళం మన దగ్గరే ఉండాలి

మా అమ్మకు ఒక ట్రంకు పెట్టె ఉండేది. పెళ్ళిలో పుట్టింటివారు పెట్టింది. ఆకుపచ్చ రంగు, మూత మీద గులాబీ పువ్వు. దాని తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉండేది. మహా అయితే అందులో ఏముంటాయి? రెండు పట్టుచీరలు, నాలుగు కలరా ఉండలు, మా అమ్మమ్మ రాసిన కార్డుముక్కలు, కాస్త చిల్లర డబ్బు. ఇంట్లో అన్నిటికీ నాన్నగారే యజమాని. అయినా ఆ పెట్టె మూత మాత్రం ఆయన ఎన్నడూ ఎత్తలేదు. "అది మీ అమ్మ పెట్టె" అనేవారు. అంతే!

నాకిప్పుడు 63 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. నాకూ ఒక పెట్టె ఉంది. దాని పేరు కంప్యూటర్. ఆ పెట్టె తాళం నా దగ్గర లేదన్న సంగతి మాత్రం నాకు ఈమధ్యనే తెలిసింది. అదెలాగో చెబుతాను. వింటే మీలో కొందరైనా లేచి వెళ్ళి మీ కంప్యూటర్ ఒకసారి చూసుకుంటారని ఆశ.

కొత్త నీరు వచ్చింది

మా పాత కంప్యూటర్ 2016లో మా అబ్బాయి కొనిపెట్టింది. అందులో విండోస్ 10 ఉండేది. కరెంటు బిల్లు కట్టడం, రైలు టిక్కెట్టు తీయడం, తెలుగులో టైపు చేయడం అన్నీ దాని మీదే నేర్చుకున్నాను. టైపు వచ్చిందని తెలిశాక మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "టీచరుగారూ, పింఛనుకి అర్జీ రాసిపెట్టరూ", "అమ్మగారూ, పాప టీసీ కోసం ఒక కాయితం కావాలి" అంటూ. రిటైరయ్యాక పొద్దుపోని నాకు అదొక వ్యాపకం. గర్వంగా కూడా ఉండేది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. అంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ పనిచేయదని కాదు. దొంగలు కొత్త కన్నం కనిపెడితే పూడ్చేవాళ్ళుండరు, అంతే. కావాలంటే ఇంకో ఏడాది మరమ్మతులు అందే ఏర్పాటు ఉందన్నారు. మన సెట్టింగులను వారి ఇంటర్నెట్ ఖాతాకు జతచేస్తే ఉచితం, లేకపోతే రుసుము. సరే, కొత్త విండోస్ 11 వేయించుకుందామంటే మా పాత యంత్రానికి అది పట్టదట! దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్తరకం ప్రాసెసరు ఉండాలి. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పక్కన పెట్టాలంటే మనసొప్పలేదు. కానీ పింఛను బ్యాంకు పని కూడా దాని మీదే చేస్తాను కదా, భయం వేసింది. మా అబ్బాయికి ఫోన్ చేస్తే, "కొత్తది తీసుకుందామమ్మా, నేను చూసుకుంటాలే" అన్నాడు. వాడు బెంగుళూరులో ఉంటాడు.

వారం తిరక్కుండానే దుకాణం వాళ్ళ కుర్రాడు కొత్త పెట్టె తెచ్చాడు. హాల్లో కూర్చుని మా అబ్బాయితో ఫోన్లో మాట్లాడుతూ బిగించడం మొదలుపెట్టాడు. వాడి ఈమెయిల్, వాడి ఫోనుకొచ్చిన ఓటీపీ. నేను ఆ కుర్రాడికి కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను.

"సార్, ఇది ఏవో ప్రశ్నలడుగుతోందండీ. ఏం నొక్కమంటారు?" అన్నాడతను.

పేపరు చదువుకుంటున్న మావారు తల ఎత్తకుండానే, "అన్నిటికీ సరే అనవయ్యా, ఓ పనైపోతుంది" అన్నారు.

నేను కాఫీ తెచ్చేసరికి పనైపోయింది. ఆ కంప్యూటర్ వాడేది నేను. ఖాతా మా అబ్బాయిది. సరే అన్నది మావారు. నొక్కింది దుకాణం కుర్రాడు. పెళ్ళిచూపుల్లో పిల్లని తప్ప అందరినీ అడిగినట్టు జరిగిందన్నమాట!

పోపులపెట్టె చోటు మారితే...

మొదటి పదిరోజులు నా అవస్థ చెప్పనలవి కాదు. 1995లో విండోస్ 95 వచ్చినప్పటి నుంచీ 'స్టార్ట్' బొత్తాం మామూలుగా తెర కింద ఎడమ మూలన ఉండేది. ఇప్పుడు తెరిచీ తెరవగానే నడిమధ్యలో ఉంది. చెయ్యి దానంతటదే మూలకి పోతుంది, అక్కడ ఇంకేదో తెరుచుకుంటుంది. కుడి బొత్తాం నొక్కితే వచ్చే జాబితా సగానికి తగ్గిపోయింది. మిగతాది 'మరిన్ని' అన్నచోట దాక్కుంది. కాపీ, పేస్టు మాటలు పోయి చిన్న చిన్న బొమ్మలొచ్చాయి. కోడలు వచ్చి పోపులపెట్టె చోటు మారిస్తే అత్తగారు ఎలా విసుక్కుంటుందో అలా విసుక్కున్నాను.

తర్వాత తెలిసిందేమంటే, ఆ స్టార్ట్ బొత్తాన్ని మళ్ళీ ఎడమకి జరుపుకోవచ్చు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్ అన్నచోట ఆ ఏర్పాటు ఉంది. జరుపుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఆడవాళ్ళకి కొత్త ఇంట్లో సర్దుకుపోవడం ఎవరైనా నేర్పాలా?

అసలు బాధ అక్కడ లేదు. సర్దుకుపోవడంలోనే ఉంది.

ఒక ఫోన్ పిలుపు

మా పక్కవీధిలో ఒకమ్మాయి ఉంది. పేరు చెప్పను. పెళ్ళై ఆరేళ్ళు, ఒక పిల్లాడు. ఓ మధ్యాహ్నం వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించింది. నేనింకేమీ అడగలేదు. 2005 నాటి గృహహింస చట్టం గురించీ, ప్రతి జిల్లాలో ఉండే రక్షణాధికారి గురించీ నాకు తెలిసినంత చెప్పాను. ఆమె చెబుతుంటే జరిగినవన్నీ తేదీలతో సహా రాసిపెట్టాను. ఫోన్లో తీసుకున్న ఫొటోలు కూడా ఆమె అడిగితేనే కంప్యూటర్లో వేశాను. ఆ ఫోను వాళ్ళాయన చూస్తాడట మరి.

"ఇప్పుడే ఇవ్వనండీ. మా అమ్మావాళ్ళతో మాట్లాడి చెబుతాను. అప్పటిదాకా మీ దగ్గరే ఉంచండి. ఎవరికీ తెలియదు కదా టీచరుగారూ?"

"నా పెట్టెలో పెట్టినట్టే అమ్మా" అన్నాను.

నాలుగు రోజులకి మా అబ్బాయి ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. "అమ్మా, నా ఫోన్లో ఎవరిదో చేతి మీద వాతలున్న ఫొటోలు కనబడుతున్నాయి. నీకేమైనా ఇబ్బందా? నాన్న ఏమైనా..." అంటూ ఆగిపోయాడు.

నా కాళ్ళ కింద నేల కదిలింది. సంగతేమంటే, మీ ఫైళ్ళనీ ఫొటోలనీ ఇంటర్నెట్లో ఖాతాలో కూడా భద్రపరచమంటారా అన్న ప్రశ్నకి ఆ రోజు 'సరే' పడిపోయింది. ఆ ఖాతా మా అబ్బాయిది. కాబట్టి నేను ఇక్కడ దాచిందల్లా అక్కడ వాడి ఫోన్లో తెరుచుకుంటోంది. ఫొటోల పక్కనే ఆ అర్జీ కూడా ఉంది, పేర్లతో సహా. ఆ అమ్మాయి భర్తా, మావాడూ ఒకే బళ్ళో చదువుకున్నారు!

మావాడు మంచివాడు. "నేనేం చదవలేదమ్మా, ఎవరితోనూ అనను" అన్నాడు. అనలేదు కూడా. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. వాడు నోరు జారేవాడైతే? "ఏరా, ఇంట్లో ఏంటి గొడవ?" అని స్నేహితుడికి మంచిగానే ఫోన్ చేసి ఉంటే? ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగేది?

దాచిపెట్టకుండా ఆ అమ్మాయికి జరిగింది చెప్పేశాను. ముఖం పాలిపోయింది. కాసేపటికి, "మీరు చెప్పారు కాబట్టి తెలిసిందండీ" అంది. ఆ తర్వాత, "ఇకనుంచి కాయితం మీద రాద్దామా?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఆ ప్రశ్నకు తల దించుకున్నాను.

మౌనం అర్ధాంగీకారమా?

జరిగినదానికి యంత్రాన్ని తిట్టి లాభం లేదు. అది అడిగింది. మేము చదవలేదు. నిజానికి అలా దాచే ఏర్పాటు మంచిదే. యంత్రం పాడైతే ఫొటోలు పోకుండా ఉంటాయి. కానీ ఎవరి ఖాతాలో దాస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం.

కొత్త విండోస్ బిగించేటప్పుడు వచ్చే ప్రశ్నలు మామూలువి కావు. మీరు ఎక్కడున్నారో తెలుసుకోవచ్చా? కంప్యూటర్ పోతే వెతకడానికి దాని జాడ గుర్తుపెట్టుకోమంటారా? మీరు వాడే తీరు గురించి తప్పనిసరి సమాచారంతో పాటు అదనంగా కూడా పంపమంటారా? టైపు చేసే తీరు పంపమంటారా? మీ అభిరుచికి తగ్గ ప్రకటనలు చూపించడానికి ఒక గుర్తింపు సంఖ్య వాడుకోమంటారా? ఒక్కోటీ ఒక్కో నిర్ణయం. కొన్ని మనకు పనికొచ్చేవి, కొన్ని వాళ్ళకు పనికొచ్చేవి. అన్నీ కలిపి "ఓ పనైపోతుంది" అని దాటేసేవి మాత్రం కావు.

ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పేది 'సరే' అనడమే. తల వంచుకుంటే సరే అన్నట్టు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు అన్నది ఎవరి మౌనం గురించో మనకు తెలియదా? కంప్యూటర్లోనూ అంతే. మనం ఏమీ ముట్టుకోకుండా ముందుకు పోతే, ముందే పెట్టి ఉంచిన జవాబే మన జవాబైపోతుంది.

ఈ మౌనానికి విరుగుడు ఉందనడానికి ఒక మంచి ఉదాహరణ చెబుతాను. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ సంస్థ 'రీకాల్' అనే కొత్త సదుపాయం ప్రకటించింది. కొన్ని సెకన్లకోసారి మన తెర మీద ఉన్నదాన్ని బొమ్మ తీసి దాచిపెడుతుంది. ఎప్పుడో చూసింది మర్చిపోతే వెతికి తీసి ఇస్తుంది. మతిమరుపు వయసులో నాలాంటివాళ్ళకి వరమే! ఆ బొమ్మలు ఆ కంప్యూటర్లోనే ఉంటాయనీ, కంపెనీకి చేరవనీ చెప్పారు. కానీ లోపలికి చొరబడినవాళ్ళకి అదంతా తేలిగ్గా చిక్కుతుందని భద్రతా నిపుణులు చూపించారు. జనం గగ్గోలు పెట్టారు. జూన్‌లో దాన్ని వాయిదా వేశారు. మార్పులు చేసి, మనం కావాలంటేనే పనిచేసేలా, మనల్ని గుర్తుపట్టాకే తెరుచుకునేలా పెట్టి, 2025 ఏప్రిల్‌లో ఇచ్చారు. అదీ 'కోపైలట్ ప్లస్' రకం కంప్యూటర్లలోనే. చూశారా, 'వద్దు' అన్న మాటకి ఎంత బలముందో!

అయినా నాకొక అనుమానం మిగిలింది. "కంపెనీకి చేరదు, మీ ఇంట్లోనే ఉంటుంది" అన్న మాట మగవాళ్ళకి ధైర్యం ఇవ్వచ్చు. మా పక్కవీధి అమ్మాయికి ఇస్తుందా? ఆమె భయపడేది ఎక్కడో సముద్రాల అవతలున్న కంపెనీకి కాదు. పక్కగదిలో ఉన్న మనిషికి. ఆమె పిన్ నంబరు తెలిసిన మనిషికి. గోప్యత గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాసేవాళ్ళు ఈ పక్కగదిని మర్చిపోతుంటారు.

చట్టం ఎంతదాకా వస్తుంది?

గోప్యత మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వారిలో మన కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్‌గారు కూడా ఉన్నారు. అంతకు చాలా ముందే, 1983లో, సినీనటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరిగారు ఇంకో మాట అన్నారు. ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఉత్తర్వివ్వడం ఆమె గోప్యతకు భంగమని. మరుసటి ఏడే, ఇంకో కేసులో, సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదంది. అది వేరే సంగతి. గోప్యత అంటే కంప్యూటర్ల సొద కాదనీ, మొదట అది ఆడదాని ఒంటికీ మనసుకీ సంబంధించిన మాటనీ మన తెలుగు నేల మీదే ఒక జడ్జిగారు గుర్తించారు. మనం గుర్తుంచుకోవలసింది అదే.

2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబర్‌లో నియమాలు వెలువడ్డాయి. అమలు దశలవారీగా జరిగేలా పెట్టారు. అందులో నాకు నచ్చినవి మూడున్నాయి. మన సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో మనకు కావలసినదానిలో ఆ నోటీసు చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో! అరపేజీ ఇంగ్లీషు చూసి బెదిరి 'సరే' నొక్కనక్కరలేదన్నమాట.

నచ్చనిది కాదుగానీ, తెలుసుకోవలసినది ఇంకొకటుంది. ఒక మనిషి తన సొంతానికో, ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే ఆ చట్టం మన వీధి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. గుమ్మం లోపల మన పెట్టెని మనమే చూసుకోవాలి.

"మనకేం దాచుకునేదుంది?"

ఈ మాట నా స్నేహితురాళ్ళే అంటారు. "భర్త దగ్గర, పిల్లల దగ్గర దాపరికమేమిటి? తప్పు చేసేవాళ్ళకి గానీ!" అని. మా అమ్మ పెట్టెలో ఏం తప్పుంది? కార్డుముక్కలు. అయినా తాళం వేసుకుంది. దాచడం వేరు, దాపరికం వేరు. పైగా మన పెట్టెలో మనవే ఉండవు. నమ్మి మన చేతిలో పెట్టిన చెల్లెలి బాధ ఉంటుంది, స్నేహితురాలి అప్పు పత్రం ఉంటుంది, కూతురి డాక్టరు రిపోర్టు ఉంటుంది. నా సంగతి దాచుకోకపోయినా నాకేం కాదేమో. ఆమె సంగతి బయటపెట్టే హక్కు నాకెక్కడిది?

అందుకని మీకు నాలుగు మాటలు చెబుతాను. కొత్త కంప్యూటర్ బిగించేటప్పుడు కాఫీ తర్వాత పెట్టండి. పక్కనే కూర్చోండి. ప్రతి ప్రశ్నా పైకి చదవమనండి, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంట్లో నలుగురు వాడే యంత్రమైతే మీకంటూ వేరే ఖాతా, వేరే సంకేతపదం పెట్టించుకోండి. ఇంటర్నెట్ ఖాతా అక్కర్లేని స్థానిక ఖాతా కూడా చేర్చుకోవచ్చు. అయితే అజమాయిషీ ఖాతా, అంటే అడ్మినిస్ట్రేటర్ ఎవరో వాళ్ళు మిగతావాళ్ళ ఫైళ్ళూ తెరవగలరు. కాబట్టి అదెవరి పేరున ఉందో అడిగి తెలుసుకోండి. మీ ఫైళ్ళు ఎవరి ఖాతాలోకి పోతున్నాయో చూడండి. ఇప్పటికే అన్నిటికీ సరే అనేసి ఉంటే మించిపోయిందేమీ లేదు. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' తెరిస్తే చాలామట్టుకు అక్కడే ఉంటాయి. ఒక్కొక్కటే చదివి, అక్కర్లేనివి ఆపేయండి. నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. చక్రాలు చుట్టుకోవడానికి పట్టే పొద్దు కూడా పట్టలేదు.

మా అబ్బాయి మొదట నొచ్చుకున్నాడు. "నేను చూస్తే ఏమైందమ్మా?" అన్నాడు. "ఏమీ కాలేదు నాన్నా, నువ్వు మంచివాడివి కనుక. ఒకరి మంచితనం మీద ఇంకొకరి గుట్టు ఆధారపడకూడదు" అన్నాను. వాడే ఫోన్లో దారి చెబుతుంటే నా పేరున ఖాతా నేనే తెరుచుకున్నాను. వాడి ఖాతాలోకి పోయిన ఫైళ్ళు చెరిపేశాం. చెత్తబుట్టలోంచి కూడా. ఆ రోజు మావారు పేపరు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. "సంకేతపదం ఏం పెట్టావు?" అని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. మా నాన్నగారు గుర్తొచ్చారు.

పక్కవీధి అమ్మాయి అర్జీ ఇప్పుడు కాయితం మీదే ఉంది. ఎప్పుడివ్వాలో ఆమే చెప్పాలి. అది ఆమె నిర్ణయం. అప్పటిదాకా అది ఎక్కడుందంటారా?

మా అమ్మ ట్రంకు పెట్టెలో. తాళంచెవి నా దగ్గరే ఉంది.